ఆకాశరామన్నకీ ఒక ఊరుంది

ఈ కాలమ్‌కి వచ్చే ఉత్తరాల్లో కొన్నిటి కింద సంతకం ఉండదు. ‘ఒక రైతు’ అనో, ‘మీ పాఠకుడు’ అనో ముగుస్తాయి. కొన్నిటికి ఆ మాటా ఉండదు. ఒకప్పుడు ఇన్‌లాండు కాగితాల మీద వచ్చేవి. ఇప్పుడు చేత్తో రాసిన కాగితాన్ని ఫొటో తీసి, ఎవరో ఎవరికో పంపితే, అది నాలుగు ఫోన్లు తిరిగి నా దాకా వస్తుంది. మనవైపు వీటన్నిటికీ కలిపి ఆకాశరామన్న ఉత్తరాలని పేరు. ఆ పేరు వినగానే చెయ్యి చెత్తబుట్ట వైపు పోతుంది. పేరు చెప్పుకోలేనివాడి మాట మనమెందుకు నమ్మాలి అని పత్రికల్లో పనిచేసే మిత్రులు అడుగుతారు.

న్యాయమైన ప్రశ్నే. వినుకొండ అరుగు మీదైనా, అద్దంకి బస్టాండులోనైనా కొత్త మనిషి ఏదైనా కబురు చెబితే ముందు అడిగేది అదే. “ఏ ఊరయ్యా మీది? ఎవరి తాలూకు?” ఆ జవాబును బట్టే మాటకు బరువు. అడిగేవాళ్ళ తప్పేమీ లేదు. రేపు ఆ మాట అబద్ధమని తేలితే ఎవరి దగ్గరికి వెళ్ళి నిలదియ్యాలో తెలిసి ఉండాలి కదా. కానీ ఈ ప్రశ్నలోనే ఇంకోటి కూడా ఇరుక్కుని ఉంది. ఊరు, ఇంటిపేరు చెప్పగానే కులం తెలిసిపోతుంది. ఎన్నెకరాలున్నాయో, ఎవరి చేలో కూలికి వెళ్తాడో తెలిసిపోతుంది. అప్పుడు తూకంలో పడేది మాట కాదు, మనిషి. చాలాకాలంగా నన్ను ఆలోచింపజేస్తున్నది ఈ రెండో సంగతే. మన గుంటూరు, ప్రకాశం నేల మీద రాత పనిచేసినవాళ్ళ జీవితాలు చూస్తే పేరుకూ నమ్మకానికీ ఉన్న సంబంధం మనం అనుకున్నంత సూటిగా కనిపించదు.

తెనాలి శారద సంగతే తీసుకోండి. ‘ఏది సత్యం’, ‘మంచీ చెడూ’, ‘అపస్వరాలు’ నవలలు రాసిన శారద అసలు పేరు నటరాజన్. తమిళుడు. పుదుక్కోటలో పుట్టి, 1937 ప్రాంతంలో పిల్లవాడిగా తండ్రితో తెనాలి చేరాడు. బతుకుతెరువు హోటల్లో సర్వరు పని. తెలుగు అతను ఇంట్లో పుట్టిన భాష కాదు. హోటల్లో బల్లలు తుడుస్తూ, అప్పు తెచ్చుకున్న పత్రికలు చదువుతూ నేర్చుకున్న భాష. మూర్ఛ వ్యాధి ఉంది. పని ఇవాళ ఉంటే రేపు లేదు. అలాంటి మనిషి ఆ భాషలో ఊరి పెద్దమనుషుల ఇళ్ళలో, వ్యాపారాల్లో, పెళ్ళిళ్ళలో నడిచే డబ్బు లెక్కల్ని అంత దగ్గరగా చూసి రాశాడు. 1955 ఆగస్టులో, ముప్ఫై ఏళ్ళు దాటీ దాటకుండానే చనిపోయాడు. అతని బతుకు మనకు ఇంత వివరంగా తెలుస్తున్నదంటే కారణం, తనూ హోటల్ కార్మికుడే అయిన స్నేహితుడు ఆలూరి భుజంగరావు. ‘సాహిత్య బాటసారి శారద’ అని ఆయన పుస్తకం రాసిపెట్టాడు.

ఆ పేరు ఎందుకు పెట్టుకున్నాడన్నది అలా ఉంచుదాం. ఆ పేరు చేసిన పని చూద్దాం. పత్రిక చేతికి తీసుకున్న పాఠకుడు ‘శారద’ అన్న పేరు చూసి చదువుకున్న ఇల్లాలిని ఊహించుకుని ఉండవచ్చు, అసలేమీ ఊహించుకోకపోయి ఉండవచ్చు. ఏదైనా కథ ముందు చేరింది, మనిషి తరవాత చేరాడు. ‘హోటల్ సర్వరు, తమిళుడు, పెద్ద చదువు లేదు’ అన్న మూడు ముక్కలు ముందు చేరి ఉంటే? పది వాక్యాలు చదవకుండానే తీర్పు చెప్పేవాళ్ళు ఆ రోజుల్లో ఉన్నారు, ఇవాళా ఉన్నారు. ఇక్కడ కలంపేరు అబద్ధం చెప్పలేదు. చదివేవాడి కళ్ళకు అడ్డంపడే వివరాలను కాసేపు పక్కకు జరిపింది, అంతే.

ఇంకో సంగతి. శారద ఎవరో తెనాలిలో తెలియని రహస్యం కాదు. స్నేహితులకు తెలుసు, తోటి రచయితలకు తెలుసు. ఫలానా నవలలో ఇలా ఎందుకు రాశావని అడగదలచుకున్నవాడు ఆ హోటలుకు వెళ్ళి అడగొచ్చు. పైగా అదే పేరుతో కథ తరవాత కథ, నవల తరవాత నవల వచ్చాయి. నిన్న రాసినదానికి ఇవాళ రాసినది జవాబు చెప్పుకోవాలి. అందుకే నా దృష్టిలో నిలకడగా వాడిన కలంపేరు ఇంటిపేరుకు ఏమాత్రం తక్కువది కాదు. ఒక్కోసారి ఎక్కువది కూడా. ఇంటిపేరు పుట్టుకతో వస్తుంది, దీన్ని రాసి సంపాదించుకోవాలి.

నటరాజన్ కన్నా ముందే బాపట్లలో ఇంకొకరు ఆ దారిన నడిచారు. కనుపర్తి వరలక్ష్మమ్మ గారు 1896లో అక్కడే పుట్టారు. ‘ఆంధ్రపత్రిక’లో ‘మా చెట్టునీడ ముచ్చట్లు’ శీర్షిక రాసినప్పుడు ఆవిడ పెట్టుకున్న పేరు లీలావతి. తరవాత ‘గృహలక్ష్మి’లో కొన్నేళ్ళపాటు నడిచిన ‘శారద లేఖలు’ తెలుగు ఆడవాళ్ళు ఇంటింటా చదువుకున్నారు. శారద అనే ఆవిడ స్నేహితురాలు కల్పలతకు రాసే ఉత్తరాలవి. ఆడవాళ్ళ చదువు, పెళ్ళి వయసు, ఖద్దరు, అన్నీ ఆ ఉత్తరాల్లో నలిగాయి. 1931లో బాపట్లలో స్త్రీ హితైషిణీ మండలి పెట్టారు. ముందు చెట్టు నీడలో కూర్చున్న లీలావతి, తరవాత ఉత్తరాలు రాసే శారద, ఆ తరవాత ఊళ్ళో తలుపూ చిరునామా ఉన్న ఒక సంఘం. ఆ రోజుల్లో ఒక ఇల్లాలు ఒక్కసారిగా నలుగురిలోకి వచ్చి మాట్లాడటం ఎంత కష్టమో మా నాయనమ్మల కాలపు ఇళ్ళు తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. మారుపేరు ఆవిడకు దాక్కునే చోటు కాలేదు, బయటికి నడవడానికి మొదటి మెట్టయింది.

మగవాళ్ళు ఆడపేరుతో రాసిన సందర్భాలూ మనకున్నాయి. ‘ఆంధ్రజ్యోతి’ వారపత్రికలో ‘ఇల్లాలి ముచ్చట్లు’ రాసిన పురాణం సీత ఆ పత్రిక సంపాదకులు పురాణం సుబ్రహ్మణ్యశర్మ గారే. అది ఆయన ఎంచుకున్న గొంతు. దాన్ని ఇక్కడ ఎక్కువ సాగదియ్యను. ఎందుకంటే పేరు మార్చుకుంటే ఏమీ పోనివాళ్ళ కథకూ, పేరు చెబితే బతుకుతెరువు పోయేవాళ్ళ కథకూ చాలా తేడా ఉంది.

జాషువా గారిది దీనికి పూర్తిగా ఎదురు కథ. 1895లో వినుకొండలో పుట్టిన ఆ మహాకవి ఏ మారుపేరూ పెట్టుకోలేదు. గుర్రం జాషువా అని తన పేరుతోనే, ఛందస్సులో, పండితులు తమదనుకున్న భాషలో రాశాడు. పద్యం విని మెచ్చుకున్న నోళ్ళే ఆయన ఎవరో తెలిశాక ముడుచుకుపోయిన సందర్భాలు ఆయన జీవితంలో ఉన్నాయి. పద్యంలో గణం మారలేదు, యతి తప్పలేదు. మారింది వినేవాడికి తెలిసిన వివరం ఒక్కటే. ‘గబ్బిలం’ 1941లో వచ్చింది. గుడిలోకి రానివ్వని మనిషి తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. లోపలికి రాకుండా తనను ఆపే మనుషులు గబ్బిలాన్ని ఆపరు కదా. నాకు ఆ కావ్యం గుర్తొచ్చినప్పుడల్లా మనిషి అడ్డు లేకుండా మాట ఒక్కటీ లోపలికి వెళ్ళడం అన్న ఆలోచన దగ్గర ఆగిపోతాను. సాహిత్య అకాడమీ బహుమతి 1964లో, పద్మభూషణ్ 1970లో వచ్చాయి. ఆ మరుసటి ఏడాది గుంటూరులో కన్నుమూశారు. గౌరవం వచ్చింది. కానీ జీవితమంతా పేరు చెప్పుకుని రాసినందుకు ఆయన కట్టిన సుంకం ఏ శాలువాతోనూ తీరేది కాదు.

‘ధైర్యముంటే పేరు పెట్టి రాయి’ అనేవాళ్ళకు జాషువానే ఉదాహరణగా చూపించవచ్చు, నిజమే. కానీ ఆ ధైర్యం అందరి దగ్గరా ఉండి తీరాలని శాసించడానికి మనమెవరం? జాషువాకున్న ప్రతిభ వెయ్యిమందిలో ఒకరికి ఉంటుంది. మిగతా తొమ్మిది వందల తొంభై తొమ్మిది మంది చెప్పేది కూడా నిజమే కావచ్చు. దిగంబర కవులు 1965లో తమ ఇంటిపేర్లు, కులం తోకలు తీసేసి కొత్త పేర్లు పెట్టుకున్నారంటే ఆ కోపం వెనక కారణముంది. వాళ్ళలో మహాస్వప్న మన లింగసముద్రం మనిషి, అసలు పేరు కమ్మిశెట్టి వెంకటేశ్వరరావు.

పేరు దాచుకోవడం గురించి మాట్లాడుతున్నాం కాబట్టి పేరు తీసెయ్యడం గురించి కూడా మాట్లాడాలి. రెండూ ఒకటి కాదు. ‘చందమామ’ చదవని తెలుగు పిల్లవాడు ఒక తరంలో లేడు. దాన్ని పెంచిన చక్రపాణి గారు తెనాలివారు. ఆయనది కూడా కలంపేరే, అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. దశాబ్దాలపాటు ఆ పత్రికను లోపల కూర్చుని దిద్దిన కొడవటిగంటి కుటుంబరావు గారిదీ తెనాలే. ‘తోకచుక్క’ నుంచి మొదలుపెట్టి పన్నెండు సీరియళ్ళు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారిదీ గుంటూరు జిల్లానే. ఆ సీరియళ్ళ కింద రాసినవారి పేరు ఉండేది కాదు. నెలనెలా పోస్టుమాను కోసం గుమ్మంలో నిలబడి ఎదురుచూసిన పిల్లలకు తమను అడవుల్లో, కోటల్లో తిప్పిన మనిషి ఎవరో తెలియదు. తెలుసుకునేసరికి వాళ్ళ జుట్టు నెరిసింది. పేరు లేకపోయినా ఆ రాతను ఎవరూ శంకించలేదు, పత్రిక మీది నమ్మకం సరిపోయింది. కానీ ఆ పేరు లేకపోవడం రాసినవారు కోరుకున్నది కాదు. అందుకే ఆయన పేరు పాఠకులే వెతికి బయటికి తెచ్చినప్పుడు నాకు సొంత మనిషికి న్యాయం జరిగినంత సంతోషమైంది.

ఇక మా పొలాల సంగతికి వస్తాను. పేరు తీసెయ్యడం అన్నది మా దగ్గర ఏటా, ఎకరం ఎకరానా జరుగుతుంది. మిర్చి, పత్తి వేసే చేలల్లో కౌలు ఎక్కువ. పాస్‌బుక్కులో ఒకరి పేరు ఉంటుంది. నారు పోసి, నాటి, మందు కొట్టి, కూలీలను ఆటోల్లో తెచ్చి కాయ కోయించి, కల్లంలో ఆరబోసి, తాలు ఏరించి, టిక్కీ బస్తాల్లో తొక్కించి గుంటూరు యార్డుకు తోలేది ఇంకొకరు. బ్యాంకు అప్పు, నష్టపరిహారం కాగితం మీద ఎవరి పేరుంటే వాళ్ళ దగ్గరికి వెళ్తాయి. దీన్ని సరిచెయ్యాలని 2011లో ఒక చట్టం వచ్చింది, 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. దాని ప్రకారం కౌలు రైతు పదకొండు నెలల ఒప్పందం రాసుకుని సాగుదారు హక్కు కార్డు తీసుకోవాలి. దాని మీద భూమి యజమాని సంతకం కావాలి. ఆ సంతకం దగ్గరే కథ ఆగిపోతుంది. కార్డు అడిగితే వచ్చే ఏడు కౌలు ఇంకొకరికి పోతుందని భయం.

ఇప్పుడు ఆ కౌలు రైతు నాకు ఉత్తరం రాశాడనుకోండి. రాస్తారు కూడా. ఇన్ని ఎకరాలు, ఇంత కౌలు, ముందే కట్టాను, కార్డుకు సంతకం పెట్టమంటే పెట్టలేదు అని. కింద పేరు లేదు. ఆ పేరు అచ్చులో చూడటం నాకు ఎంత ముఖ్యం? అది వస్తే వచ్చే ఉగాదికి అతని చేతిలో చేను ఉండదు. ఇలాంటి చోట సంతకం అడగడం నిజాన్ని నిర్ధారించుకోవడం కాదు, నోరు మూయించడం. గడ్డిమందు తట్టుకుంటుందని చెప్పి అమ్మే అనుమతి లేని పత్తి విత్తనాల విషయంలోనూ ఇంతే. ఆ గింజ ఎవరు అమ్ముతున్నారో, ఎలా చేతులు మారుతోందో బాగా తెలిసినవాడు దాన్ని కొని వేసిన రైతే. వేసినట్టు ఒప్పుకుంటే కేసు తన మీదికీ వస్తుందని భయం. తెలిసినవాడు పేరు చెప్పలేడు. పేరు చెప్పగలవాడికి తెలియదు.

సర్కారు ఈ చిక్కును ఎలా చూసిందో గమనించండి. పేరు లేని ఫిర్యాదుల మీద చర్య తీసుకోవద్దని కేంద్ర విజిలెన్స్ కమిషన్ 1999లోనే చెప్పింది. దానికి కారణం ఉంది. నిజాయితీగా పనిచేసే ఉద్యోగిని పదోన్నతికి ముందు ఇలాంటి ఉత్తరాలతో వేధించడం మన ఆఫీసుల్లో పాత జబ్బు. కానీ 2002లో జాతీయ రహదారుల ఇంజనీరు సత్యేంద్ర దూబే రోడ్డు పనుల్లో అవినీతి గురించి ప్రధాని కార్యాలయానికి రాశాడు. తన పేరు బయటపెట్టవద్దని వేడుకున్నాడు. ఆ ఉత్తరం పేరుతో సహా ఆఫీసులు తిరిగింది. 2003 నవంబరు 27న గయలో అతన్ని కాల్చి చంపారు. దోపిడీలో జరిగిన హత్య అని కోర్టు తేల్చి దోషులకు శిక్ష వేసింది. అయినా ఒక మనిషి నమ్మి రాసిన రహస్యాన్ని కాపాడలేకపోయామన్న సంగతి దేశం ముందు నిలబడింది. 2004లో ప్రభుత్వం తెచ్చిన పద్ధతిలో ఫిర్యాదుదారు తన పేరు మూసిన కవరులో కమిషన్‌కు ఇవ్వాలి, కమిషన్ దాన్ని బయటికి పోనివ్వకూడదు. లోకానికి పేరు తెలియదు, కానీ ఒకరికి తెలుసు. పత్రికల్లో మంచి సంపాదకులు చేస్తూ వచ్చిన పని కూడా ఇదే. 1867 నాటి అచ్చుల చట్టం పుస్తకం మీద ప్రింటరు పేరు, అచ్చయిన చోటు ఉండి తీరాలంది, తరవాతి సవరణతో పత్రిక మీద సంపాదకుడి పేరు కూడా ఉండాలంది. రాసినవాడి పేరు ఉండాలని అనలేదు. జవాబు చెప్పే మనిషి ఒకరు ఉంటే చాలు. 1908లో బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో వచ్చిన రాతకు సంపాదకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు జైలుకు వెళ్ళారు.

అయితే ప్రతి ఆకాశరామన్ననూ నెత్తిన పెట్టుకోవాలా? లేదు. నాకు వచ్చేవాటిలో సగానికి పైగా నేను ముట్టుకోను. వాటిని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. అవి మనుషుల గురించి రాస్తాయి, పనుల గురించి రాయవు. ఫలానా టీచరమ్మ నడవడి మంచిది కాదు, ఫలానా అంగన్‌వాడీ ఆవిడ ఇంటికి ఎవరెవరో వస్తారు. తిట్లు చాలా ఉంటాయి, తారీఖు ఒక్కటీ ఉండదు. ఇక్కడ పేరు చెబితే పోయేది రాసినవాడికి ఏమీ లేదు, పేరు పడితే పోయేదంతా ఎవరి గురించి రాశాడో ఆ ఆడమనిషికే. అలాంటివాడు సంతకం పెట్టి తీరాలి. పెట్టకపోతే అచ్చులో చోటు లేదు. ఈ ఒక్క విషయంలో నాకు ఎవరితోనూ రాజీ లేదు.

నమ్మదగిన రెండో రకం ఉత్తరం చూడగానే తెలిసిపోతుంది. 2021-22లో మిర్చికి కొత్త నల్లతామర పురుగు వచ్చిన ఏడాది గుర్తుందా? అప్పటిదాకా మనకు తెలిసిన తామర పురుగు ఆకును పట్టి పైముడత తెచ్చేది. కొత్తది పువ్వులో దూరింది. పూత నిలవలేదు, కాయ దిగలేదు. చేలు పీకేసినవాళ్ళున్నారు. ఆ రోజుల్లో వచ్చిన సంతకం లేని ఉత్తరాల్లో ఒకటి రెండిటిని చదివి నేను వెంటనే నమ్మాను. పువ్వు తెంపి తెల్లకాగితం మీద దులిపితే నల్లగా కదిలినవి ఎలా ఉన్నాయో రాశారు. ఏ మందు ఎన్ని రోజుల తేడాతో కొట్టారో, దుకాణంలో ఏం చెప్పి అంటగట్టారో రాశారు. చేలో నిలబడనివాడు అలా రాయలేడు. పక్క ఊళ్ళో ఇద్దరిని అడిగితే అదే చెప్పారు, లాం ఫారం శాస్త్రవేత్తలు చెప్పేదానితో అది కలిసింది. ఆ ఉత్తరానికి అంతకన్నా సంతకం ఏం కావాలి? మరోవైపు రంగురంగుల సంచి మీద కంపెనీ పేరు, ఊరు, లాట్ నంబరు, మొలక శాతం అన్నీ అచ్చు వేసిన విత్తనం మొలవక నెత్తిన చేతులు పెట్టుకున్న రైతులు మా జిల్లాల్లో ఎందరో. చిరునామా ఉన్నంత మాత్రాన మాట నిజమైపోదు.

అందుకని పేరు లేకుండా రాసేవాళ్ళకు ఒక మాట. మీది ఏ పంటో, ఏ రకమో, ఏ నెలలో ఏం జరిగిందో రాయండి. కళ్ళతో చూసినది ఒకచోట, విన్నది ఇంకోచోట విడివిడిగా పెట్టండి. ఎవరి మీదైనా ఆరోపణ చేస్తే వాళ్ళ జవాబు నేను తప్పకుండా అడుగుతాను, అది మీకు ముందే తెలియాలి. పేరు నాకొక్కడికి చెప్పండి, ఫోన్లో అయినా సరే. అచ్చులో వద్దంటే వెయ్యను. ఊరి పేరు వల్ల మిమ్మల్ని పోల్చుకుంటారనిపిస్తే అదీ తీసేస్తాను, కౌలు ఎకరాలు కూడా సరిగ్గా చెప్పను. నాకు కూడా చెప్పలేని పరిస్థితి అయితే ఆ సంగతే రాయండి, ఎందుకు చెప్పలేరో రాయండి. అలాంటి ఉత్తరం తీసుకుని నేనే ఆ చేల వైపు వచ్చి, నలుగురిని అడిగి, తేలిన దాన్ని నా పేరుతో రాస్తాను. తప్పయితే నిలదియ్యడానికి ఆ పేరు ప్రతి వారం ఇక్కడే ఉంటుంది.